వినేవాళ్ల గోడు ఎవరు వింటారు?

వరదొస్తే బాధితుల గురించి మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవాలి కూడా. ఈ ఎపిసోడ్‌లో మాత్రం వాళ్ల పక్కన కూర్చుని వినే కౌన్సెలర్ల గురించి చెప్తాను.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిపోయింది, గుర్తుంది కదా. నీళ్లు తగ్గాక ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగారు. ఆ రోజుల్లోనే నేను అక్కడికి కౌన్సెలింగ్‌కి వెళ్లాను. ఒకావిడ తడిసిన పెళ్లి ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని, అతుక్కుపోయిన పేజీలు విడదీస్తూ గంటసేపు మాట్లాడింది. ఆవిడ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. రాత్రి ఇంటికొచ్చాక, మా అమ్మాయి కుళాయి కట్టడం మర్చిపోయిందని గట్టిగా అరిచేశాను. బకెట్టు నీళ్లకి అంత కోపమా! ఆ తర్వాత రెండు వారాలు వాన చప్పుడైతే చాలు, లేచి కూర్చునేదాన్ని. మా ఇల్లు మునగనే లేదు.

దీన్ని కంపాషన్ ఫెటీగ్ అంటారు. 1990ల్లో చార్ల్స్ ఫిగ్లీ అనే సైకాలజిస్ట్ ఈ మాటని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇతరుల బాధ విని విని మనసు అలిసిపోవడం అన్నమాట. నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్ల మీద చిరాకు. కొందరికైతే ఎవరేం చెప్పినా ఏమీ అనిపించదు. నాకు అదే ఎక్కువ భయం.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఇల్లే మునిగింది. రోజూ పొద్దున్నే వచ్చి పక్క వీధివాళ్లని ఓదార్చేది. "నీ ఇల్లు ఎలా ఉందమ్మా?" అని మేమెవరం అడగలేదు. కౌన్సెలర్లమండీ మేం! నాలుగో రోజు తనే చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన ప్రథమ మానసిక చికిత్స గైడులో సహాయం చేసేవాళ్ల కోసం కూడా ఒక భాగం ఉంది. పనిగంటలకి హద్దు పెట్టుకోండి, ఒకరినొకరు చూసుకోండి, పని ముగిశాక విశ్రాంతి తీసుకోండి అంటుంది. వినడానికి మామూలు మాటలే. క్యాంపులో పాటించడం మాత్రం చాలా కష్టం, ఎందుకంటే లేచి వెళ్తుంటే తప్పు చేస్తున్నట్టుంటుంది. అలాగని అందర్నీ ఒకరోజు కూర్చోబెట్టి జరిగిందంతా బలవంతంగా చెప్పించడమూ మంచిది కాదు. చెప్పాలనుకున్న రోజు వినే సీనియర్ ఒకరుంటే చాలు.

టెలి మానస్ నంబర్ 14416 మనం అందరికీ ఇస్తుంటాం. నేనే ఒక రాత్రి చేశాను. "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది అవతలి అమ్మాయి. చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను.