సింప్లీషియల్ సెట్స్: నిర్వచనం తర్వాత, ముందు మూట కట్టండి

కవాడిగూడ నుంచి ఇంకో ఎపిసోడ్.

"అన్నా, సింప్లీషియల్ సెట్స్ నేర్చుకుందామని కూర్చుంటే మొదటి లైన్‌లోనే ఫంక్టర్ అంటున్నారు. నా వల్ల కాదేమో, వదిలేయనా?" అని ఒక తమ్ముడు అడిగాడు. వదిలేయకు తమ్ముడూ. ప్రాబ్లం నీ బుర్రలో లేదు, చదివే వరసలో ఉంది.

ముందు బొమ్మ చూద్దాం. పాయింట్, గీత, త్రిభుజం, ఆ పైన నాలుగు మూలల దిమ్మ. వీటిని అంచుల దగ్గర అతికిస్తూ ఆకారాలు కట్టడమే మన పని. దారం రెండు కొసలూ కలిపితే గాజు వచ్చేస్తుంది: ఒక పాయింట్, ఒక గీత. అంతే.

ఇప్పుడు బంతి కావాలి. త్రిభుజంగా కత్తిరించిన గుడ్డ తీసుకుని, అంచులన్నీ ఒక్కచోటికి లాగి మూట కట్టండి. మూట ఉబ్బితే అదే బంతి పైపొర. ఒక పాయింట్, ఒక త్రిభుజం. కానీ రూల్ ప్రకారం ప్రతి త్రిభుజానికీ మూడు అంచులు ఉండాలి కదా, అవేమయ్యాయి? పాయింట్‌లోకి నలిగిపోయాయి. అయినా లెక్కలో ఉన్నాయి. ఫారంలో రాయడానికి ఏమీ లేకపోయినా గడి ఉన్నట్టు. వీటినే డీజెనరేట్ అంటారు. 1950లో ఐలెన్‌బర్గ్, జిల్బర్ రాసిన పేపర్‌లో ఈ లెక్క ఉంది. ఫంక్టర్ నిర్వచనం చెప్పేదీ ఇదే, కాస్త కుదించి.

ఇక వరస. ఒకటి, ఆలెన్ హాచర్ 'ఆల్జీబ్రాయిక్ టోపాలజీ', 2002. ఆయన సైట్‌లో ఫ్రీ. రెండో చాప్టర్ మొదట్లో డెల్టా కాంప్లెక్స్ పేజీలు చాలు. అక్కడ అంచుని పాయింట్‌లా నలపడం కుదరదు, కాబట్టి మన మూట కట్టలేం. ఆ ఇబ్బంది తెలిశాక రెండోది, గ్రెగ్ ఫ్రీడ్‌మన్ 2008లో ఆర్కైవ్‌లో పెట్టిన బొమ్మల పరిచయం. డీజెనరేట్ సంగతి బొమ్మలతో చెప్తాడు. మూడోది, ఎమిలీ రీల్ రాసిన 'లీజర్లీ ఇంట్రడక్షన్'. ఫంక్టర్‌ని అక్కడ కలవండి. పీటర్ మే 1967 పుస్తకం ఆ తర్వాతే.

ఫోన్‌లో స్క్రోల్ చేస్తే ఇది ఎక్కదు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరికితే నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకెళ్లండి. హోంవర్క్: చదరాన్ని ఐమూలగా రెండు త్రిభుజాలు చేసి, ఎదురెదురు అంచులు మెలి తిప్పకుండా అతికించండి. చిల్లు గారె పైపొర వస్తుంది. ఒక పాయింట్, మూడు గీతలు, రెండు త్రిభుజాలు లెక్క తేలాయా? అయితే హాచర్ తెరవడానికి మీరు రెడీ.

కామెంట్‌లో మీ బొమ్మ పెట్టండి. మళ్లీ కలుద్దాం.