నౌపడ స్టేషను



రైలుస్టేషనులను గూర్చి మాటాడుమన్నచో నెవ్వరైనను బెజవాడనో వాల్తేరునో చెప్పుదురు. నేను చెప్పఁబోవునది నౌపడ. శ్రీకాకుళము జిల్లాలో, ఉప్పుమళ్ల చేరువ, హౌరానుండి చెన్నపట్టణమునకుఁ బోవు నినుపదారిపై నున్న చిన్న జంక్షను. వేగముగాఁ బోవు బండ్లు దానివంక నంతగాఁ జూడవు. మా ప్రాంతమువారికి మాత్రము ఆ స్టేషను మూలముననే వియ్యములు కలిసినవి.

తీరము వెంబడి పెద్దదారి 1893వ సంవత్సరము మొదలు 1896 వఱకు భాగభాగములుగాఁ దెఱవఁబడెను. పర్లాకిమిడి సంస్థాన రాజధాని యైనను, ఆ దారికి 25 మైళ్ల లోపల నుండిపోయెను. రైలెక్కవలెనన్నచో బండి గట్టుకొని నౌపడకు రావలసినదే. ఈ యిబ్బందిని దీర్పనెంచి గౌరచంద్ర గజపతి మహారాజు చిన్నదారి యొకటి వేయింపఁ బూనెను. 1898లో ననుమతి లభించినది. 1900 ఏప్రిల్ 1వ తేదీన బండి నడచినది. వ్యయము 7 లక్షల రూపాయలు. తొలి సంవత్సరములలో నష్టమే మిగిలెను. 1910 తరువాత స్వల్పముగాను, 1924 దాఁటినపిమ్మట నెక్కువగాను లాభము కనఁబడుటచే, కృష్ణచంద్ర గజపతి కాలమున ఆ దారి 1929లోను 1931లోను రెండు విడతలుగా గుణుపురము వఱకుఁ బెరిగెను. మొత్తము 56 మైళ్లు, అనఁగా నేఁటి లెక్కలో 90 కిలోమీటర్లు. వర్తకుఁడు వేయించిన దారియే యైనచో, నష్టపు దినములలోనే పట్టాలు పెఱికి యమ్ముకొని యుండునని నా తలంపు.

పెద్దదారి పట్టాల నడుమ దూరము 5 అడుగుల 6 అంగుళములు. రాజుగారి దారికి 2 అడుగుల 6 అంగుళములు. తక్కువ సొమ్ముతో ముగియుటకును, ఇఱుకువంపులు తిరుగుటకును అట్టి కొలత యనుకూలము. కాని యొకదాని పెట్టెలు మఱొకదానిపై నడువవు. గుణుపురమునుండి వచ్చిన ప్రతి మూటయు నౌపడలో దింపి, మోసి, పెద్దబండి కెక్కింపవలెను. వామనుఁడు బలి నడిగినది మూఁడడుగులు. ఈ రెండు కొలతలకుఁ గల తేడాయు సరిగా మూఁడడుగులే. ఆ మూఁడడుగులమీఁదనే నౌపడ బ్రదికెను. కళాసీలు, ఎడ్లబండ్లవారు, టీ కాఁచువాండ్రు, అరఁటిపండ్ల గంపలవారు అందఱును దానినే నమ్ముకొనిరి. అడవిలోని యుసిరికకును సముద్రములోని యుప్పునకును పొత్తని లోకులు సామెతగాఁ జెప్పుదురు. మేము దానిని గంటితోఁ జూచితిమి. ఉప్పు కొండవైపునకుఁ బోయెడిది, చింతపండును పసుపును దిగువకు వచ్చెడివి.

నా పండ్రెండవయేట మా తండ్రిగారు నన్నుఁ బర్లాకిమిడిలో నొక శాస్త్రులవారియొద్దఁ గావ్యపాఠమునకు విడువఁ బ్రయాణమైరి. మా యూరు నౌపడకు రెండు క్రోసులు. వర్జ్యము గడచినఁగాని గడప దాఁటరాదని వారు కూర్చుండిరి. వర్జ్యము గడచెను. మేము స్టేషను చేరునప్పటికి చిన్నబండి కడపటిపెట్టె మలుపు దిరుగుచుండెను. మఱునాఁటి బండి దాఁక ప్లాటుఫారమే మాకు సత్రము. ముసలి కళాసి యొకఁడు తన గోనె దెచ్చి నాకుఁ బఱచి, “బండికి వర్జెం నేదు బాబూ!” అని నవ్వెను. మా తండ్రిగారు కోపింపలేదు. అది మొదలు పంచాంగముతోపాటు రైళ్లవేళల కాగితమును సంచిలో నుంచుకొనెడివారు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడెను. పర్లాకిమిడి యావంకకుఁ బోయెను. నౌపడ, టెక్కలి, పాతపట్నము ఇటు. పర్లాకిమిడి, కాశీనగరము, గుణుపురము అటు. బండి మాత్రము రెండువైపులను దనవిగానే యెంచి నడచెను. ఆ సంవత్సరముననే గిడుగు రామమూర్తి పంతులుగారు చిరకాలము నివసించిన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. వారి వ్యావహారికవాదమును మా గురువులు మెచ్చలేదు. నేనును, వినుచున్నారు గదా, పాతదారినే పోవుచున్నాను. అయినను, సవరల భాష నేర్చి దానికి నిఘంటువు గూర్చిన యా పెద్దమనిషి యూరు విడిచిన సంగతి చెప్పునపుడు మా గురువుల కంఠము తగ్గెడిది.

2004 జూన్ 9వ తేదీన చిన్నబండి నిలిచిపోయెను. దారిని పెద్దకొలతకు మార్చుట కారణము. మా యక్కగారిని గాశీనగరమున నిచ్చిరి. నెలకొకమాఱు చిన్నబండిలో వచ్చి, మా తల్లి కొక అనాసపండు తెచ్చి, రెండు దినములుండి పోవుట యామె వాడుక. బండి నిలిచినపిమ్మట బస్సులు లేకపోలేదు. మోఁకాళ్లనొప్పితో బస్సు దిగి బస్సెక్కుట యామెవలనఁ గాలేదు. రాకలు నెలకొకటి పోయి యేఁటి కొకటి యయ్యెను. 2008లో శ్రావణమున మా తల్లి కన్నుమూసెను. కబురంది యక్క వచ్చునప్పటికిఁ జితి చల్లాఱినది. ఇందు నెవ్వరిని నిందింపను. దారి మార్పవలసినదే. మార్చు నేండ్లలో ముసలివాండ్ర కెన్ని యేండ్లు మిగిలియున్నవో యెవ్వరు లెక్కింపఁగలరు?

పెద్దపట్టాలపై 2010 జూలై 22న పర్లాకిమిడి వఱకును, 2011 ఆగస్టు 22న గుణుపురము వఱకును బండి నడచెను. అప్పటినుండి గుణుపురమున నెక్కినవాఁడు నౌపడలో దిగకయే విశాఖపట్టణము చేరుటకు వీలు గలిగెను. ఆస్పత్రికిఁ బోవు రోగికి అది యెంతటి సుఖమో యెఱిఁగినవారికిఁ జెప్పనక్కఱలేదు. ఏది మేలని నన్నడిగినచోఁ బెద్దబండియే మేలందును. మూఁడడుగులు పోయినవి, వానితోఁ గళాసీల మోఁతయుఁ బోయినది. నా కెఱుకైన కళాసి కుమారుఁడు విశాఖలో కాపలాపనికిఁ గుదిరెను. పండుగకు ఆ పెద్దబండిలోనే వచ్చి పోవుచుండెను.

గుణుపురము దారి తెఱచిన వారముననే మా యక్క వచ్చినది. నౌపడలో దిగి, వెనుకటి యలవాటుచొప్పున మూట యెత్తుటకుఁ గళాసిని బిలిచినది. ఎవ్వరును రాలేదు. నేనే యెత్తుకొంటిని. ఇంటికి వచ్చి విప్పఁగా నందులో నొక అనాసపండు. మా యింట ననాస తినునది మా తల్లి యొక్కతెయే.