ఇంజను అంకెలను చదువుట
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇంజను మరమ్మతును గూర్చి సమాచార శాఖవాడు మాట్లాడుట ఏమని మీలో కొందరికి తోచవచ్చును. మీ గ్రామములలో అప్పు చేసి కారు కొని, కిరాయికి నడుపుకొనుచు బ్రదుకుచున్న యువకులు ఉన్నారు. ఆ కారు పది దినములు షెడ్డులో నిలిచినచో అప్పు వాయిదా తప్పును. అక్కఱలేని భాగమును మార్చి సొమ్ము తీసికొన్నారని తగవు వచ్చినచో అది మీ యెదుటికే వచ్చును. అప్పుడు మీరు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఫ్యూయల్ ట్రిమ్ ఎంత చూపినది? ఇంజను ఏ స్థితిలో నున్నప్పుడు చూచితిరి?

ఒక కిలో పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఈ పాలు తప్పకుండ చూచుట కారులోని కంప్యూటరు పని. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు, మండిన పిదప ఆక్సిజన్ ఎంత మిగిలినదో దానికి తెలుపును. ఇట్టి సెన్సారు 1976లో వోల్వో కార్లలో మొదట అమర్చబడినది. మిగులు హెచ్చైనచో కంప్యూటరు పెట్రోలు పెంచును, తగ్గినచో తగ్గించును. ఆ హెచ్చుతగ్గుల శాతమే ఫ్యూయల్ ట్రిమ్. పెంచినచో కూడిక గుర్తు, తగ్గించినచో తీసివేత గుర్తు ఉండును.

చెరువు క్రింది నీరుగంటిని తలచుకొనుడు. కొసమడికి నీరందుట లేదని చూచి తూము తలుపును మరికొంత ఎత్తును. అది ఆ పూటకు చేసిన సవరణ. ప్రతిదినము అట్లే ఎత్తవలసి వచ్చినచో దానినే వాడుక చేసికొనును. కంప్యూటరులో కూడ ఇట్లే తాత్కాలిక సవరణ, దీర్ఘకాలిక సవరణ అని రెండంకెలు కలవు. రెంటిని కలిపి చూడవలెను. తూము ఎంత ఎత్తినాడో చూచి కొరత యున్నదని చెప్పగలము గాని, కాలువకు గండి పడినదో, పూడిక నిండినదో చెప్పలేము.

మొత్తము 5 శాతము లోపల నున్నచో చింతలేదు. 10 దాటినచో కారణము వెదకవలెను. చాల హెచ్చినచో ఇంజను దీపము వెలిగి, పి0171 వంటి కోడు పడును. దాని యర్థము పెట్రోలు పాలు తక్కువైనదని మాత్రమే. సెన్సారు చెడినదని కాదు.

ఈ భేదము తెలియక నేనే నష్టపోయితిని. నా పెట్రోలు కారు నిలిచి యున్నప్పుడు ఇంజను అదరుచుండెను, దీపము వెలిగినది. ఒక షెడ్డువారు ఆ కోడు చూచి ఆక్సిజన్ సెన్సారు మార్చినారు. వేల రూపాయలు పోయినవి. వారము తిరుగకముందే దీపము మరల వెలిగినది. నిజము చెప్పిన సాక్షినే దండించినట్లైనది. పిమ్మట ఒక వృద్ధ మెకానిక్ ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి స్కానరు పెట్టినాడు. చల్లని ఇంజనులో ఈ సవరణ ఇంకను పని చేయదు గదా! బండి నిలిచి ఇంజను ఊరక తిరుగుచుండగా మొత్తము 23 శాతము. నిమిషమునకు 2500 చుట్లు తిరుగునట్లు ఆక్సిలరేటరు నొక్కగా 4 శాతము.

"ఎక్కడనో గాలి దూరుచున్నదండీ" అన్నాడు. చీలిక యొకటే, అయినను ఇంజను ఊరక తిరుగునపుడు పీల్చు గాలి కొద్ది గనుక దొంగగాలి పాలు పెద్దది. వేగము హెచ్చినప్పుడు అది సముద్రములో కాకిరెట్ట. అతడు పటకారుతో గొట్టముల నొక్కొక్కటిగా నొక్కుచు రాగా, ఒకదానిని నొక్కగానే అంకె పడిపోయినది. ఇంజను లోపలి ఆవిరిని మరల లోనికి చేర్చు రబ్బరు గొట్టము అడుగున చీలియున్నది. దాని వెల కొన్ని వందలే.

ఇందుకు విరుద్ధముగా, నిలిచినప్పుడు అంకె సరిగా నుండి, బరువుతో మిట్ట ఎక్కునప్పుడు పెరిగినచో పెట్రోలు పంపు బలహీనపడుటయో, ఫిల్టరు మూసికొనుటయో, గాలిని కొలుచు మీటరు మురికి పట్టుటయో కారణము కావచ్చును. తీసివేత గుర్తుతో పెద్ద అంకె వచ్చినచో ఇంజెక్టరు కారుచున్నదేమో చూడవలెను.

మినహాయింపులును కలవు. కొన్ని చిన్న కార్లలో ఆ మీటరు లేక, ఒత్తిడిని బట్టియే గాలిని లెక్కింతురు. వానిలో గొట్టము చీలినచో ట్రిమ్ అంతగా పెరుగక ఇంజను వేగమే పెరుగవచ్చును. స్పార్కు ప్లగ్గు మండింపకున్నచో వాడని ఆక్సిజన్ పొగగొట్టమున చేరి, పెట్రోలు తక్కువైనదను భ్రమ కలిగించును. మన దేశమున 2023 నుండి అమ్మకమునకు వచ్చిన 20 శాతము ఎథనాల్ పెట్రోలు పోసినప్పుడు కూడ, పాత కార్లలో అంకె కొన్ని శాతములు పెరుగుట సహజము. ఎథనాలుకు గాలి తక్కువ చాలును. మీ డీజిల్ ట్రాక్టర్లకు ఈ లెక్క వర్తింపదు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 కార్లలోను, అంతకు ముందటి అనేక కార్లలోను స్టీరింగు క్రింద 16 పిన్నుల సాకెట్టు కలదు. దానికి చిన్న పరికరము తగిలించి ఫోనులోనే ఈ అంకెలను చూడవచ్చును. మరమ్మతునకు ముందును, తరువాతను వానిని ఫోటో తీయించుడు. అయితే కోడు చెరిపిన వెంటనే దీర్ఘకాలిక సవరణ దానంతట అదే సున్న యగును. ఆ సున్నను చూపి పని ముగిసినదన్నచో ఒప్పుకొనకుడు. ఇరువది ముప్పది కిలోమీటర్లు నడిపి వచ్చి మరల చూపుమనుడు.