నీటిలో పండు చక్కెర
(ప్రసంగ పాఠము)



చెరకు నాటి, నీరు కట్టి, పది పండ్రెండు మాసములు కాచుకొని, నరికి, గానుగ ఆడించిన గాని దాని తీపి మన చేతికందదు. ఆ తీపినుండియే ఇథనాల్ అను ఇంధనము తయారగుచున్నది. మన దేశమున దానిని పెట్రోలులో కలుపుచున్న సంగతి మీరెరుగుదురు. పొలముతో పని లేకుండ, కంటికి కనబడని జీవులచే చక్కెర చేయింపవచ్చునా అని శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఆ కృషి ఎంతవరకు వచ్చినదో నేడు మనవి చేయుదును.

నీలి ఆకుపచ్చ నాచు మీకు క్రొత్త కాదు. వరిమళ్లలో నత్రజనిని కూర్చు జాతులు అందు కలవు. ఆ వర్గమునకే చెందిన సినెకోకాకస్ ఎలాంగేటస్ అను మంచినీటి జీవి ఎండను, నీటిని, బొగ్గుపులుసు వాయువును గ్రహించి తన ఆహారమును తానే వండుకొనును. నీటిలో ఉప్పు పెరిగినచో దానికి కష్టము కలుగును. ఉప్పు వేసిన మామిడిముక్కలనుండి ఊట దిగునట్లు దాని దేహములోని నీరు బయటికి పోజూచును. ఆ నీటిని నిలుపుకొనుటకై అది తనలో చక్కెరను చేర్చుకొనును. అది చెరకులోని చక్కెరయే.

అయితే ఆ చక్కెర లోపలనే ఉన్నచో, జీవిని చంపిగాని దానిని తీయలేము. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు 2012లో దీనికొక ఉపాయమును ప్రకటించిరి. ఎషరికియా కోలై అను వేరొక సూక్ష్మజీవికి చక్కెరను లోనికి తెచ్చుకొను ద్వారమొకటి కలదు. ఆ ద్వారమును నిర్మించు జన్యువును వారు ఈ జీవిలో చేర్చిరి. ఇచ్చట ఆ ద్వారముగుండ చక్కెర వెలుపలి నీటిలోనికి వచ్చినది. ఆవును పోషించి పాలు పితుకునట్లు, జీవిని బ్రదుకనిచ్చి చక్కెర తీయుట సాధ్యమైనది.

ఎంత వచ్చినది? లీటరు నీటికి, వెలుగున్న ప్రతి గంటకు, 36 మిల్లీగ్రాముల వరకు. ఈ లెక్కన 1,000 లీటర్ల నీటిలో 10 గంటల వెలుగునకు సుమారు 360 గ్రాములు. ఇది ప్రయోగశాలలోని ఫలితమని మరువరాదు.

ఇక చిక్కులు. తీపి ఉన్నచోట చీమలు చేరునట్లు, బయటి తొట్టెలలో ఇతర సూక్ష్మజీవులు చేరి చక్కెరను తినివేయును. పలుచని నీటినుండి చక్కెరను వేరుచేయుట ఖర్చుతో కూడిన పని. అటుపిమ్మట దానిని ఈస్టుతో పులియబెట్టిన గాని ఇంధనము కాదు.

కనుక చెరకు రైతు నేడు దీనిని చూచి భయపడనక్కరలేదు. నాచు తొట్టెలు కట్టినచో త్వరలో ధనవంతులగుదురని ఎవరైన చెప్పినచో, నమ్మి అప్పు చేయవలదు. ఎంత చక్కెర వచ్చినది, ఎంత ఖర్చైనది, ఎవరు కొనిరి అని ముందుగా అడుగుడు.

అట్లని ఈ విద్యను తేలికగా చూడరాదు. దీనికి సారవంతమైన భూమి అవసరము లేదు. కొంత ఉప్పు నీరును ఇందు పనికివచ్చును. పైరు పెరుగని చోట వెలుగునుండి చక్కెర తీయు రోజు రావచ్చును. మిగిలిన చిక్కులను విప్పువారిలో మన గ్రామముల బిడ్డలును ఉండవలెనని నా కోరిక. వారిని శాస్త్రము చదివింపుడు.