మోకాలి కింద దిండు

ఫిజియోథెరపీ, నర్సింగ్ పట్టాలు అందుకున్న పిల్లలూ, పెద్ద కలలు కనమని చెప్పేవాళ్లు మీకు చాలామందే దొరుకుతారు. నేను మాత్రం ఒక దిండు గురించి మాట్లాడతాను.

మోకీలు మార్పిడి చేయించుకున్న ఒక పెద్దమ్మ నెల్లూరు నుంచి ఉదయగిరికి తిరిగొస్తుందనుకోండి. దాదాపు వంద కిలోమీటర్ల దారి. ఆత్మకూరు దాటేసరికే కాలు బరువెక్కుతుంది. ఇంటికి చేరగానే కోడలు ప్రేమగా మోకాలి కింద దిండు పెడుతుంది. పెద్దమ్మకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కీలు లోపల రక్తం, నీరు చేరి ఉంటాయి గనుక కాలు కాస్త మడిస్తే ఒత్తిడి తగ్గి నొప్పి నెమ్మదిస్తుంది. చిక్కంతా అక్కడే. వారాల తరబడి అలాగే పడుకుంటే కీలు వెనక కణజాలం బిగిసిపోతుంది. తర్వాత కాలు చాపమన్నా చాపలేదు. పూర్తిగా చాపలేని కాలు నడకలో పొట్టికాలే. తొడ ముందు కండరానికి విశ్రాంతి ఉండదు, మనిషి కుంటుతుంది, నడుమూ పట్టేస్తుంది.

దిండు పారేయమనకండి, చోటు మార్చండి. మడమ కింద పెడితే మోకాలు తన బరువుకు తానే చాపుకుంటుంది. కాలివేళ్లు పైకప్పు వైపు చూడాలి. పాదం బయటికి వాలితే మోకాలు గుట్టుగా మడుచుకుంటుంది. పైగా మోకాలి బయటివైపు ఎముకను ఆనుకుని పోయే నరం పరుపుకు నొక్కుకుంటే పాదం పైకెత్తలేని స్థితి రావచ్చు. అందుకే తొడ బయటి పక్కన తువ్వాలు చుట్టి ఆనించండి. వాపు ఉంటే, కాలు చాచి ఉంచే, మడమను గుండె కన్నా ఎత్తులో పెట్టండి. పక్కకు తిరిగి పడుకుంటే కాళ్ల మధ్య దిండు. మడవడానికి వ్యాయామం వేళ వేరే ఉంది. ఎప్పుడు బాసింపట్టు వేసుకోవచ్చని అందరూ అడుగుతారు, కాలు చాపడం గురించి ఒక్కరూ అడగరు. మీరే అడగాలి.

పుస్తకాల్లో ఆసుపత్రి మంచమే కనిపిస్తుంది. మన ఇళ్లలో నులక మంచం. మధ్యలో కుంగిన నులక మీద మీరు నేర్చిన భంగిమ ఏదీ నిలవదు. నులక బిగించమనండి, లేదా గట్టి చెక్క మంచం చూడమనండి. నేల మీద మాత్రం పడుకోనివ్వకండి, లేవలేరు.

మన మెట్టప్రాంతపు సంగతి ఇంకొకటి ఉంది. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1937లో వైద్య పత్రికలో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోని మనుషులను చూసే. ఉదయగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బెడద నేటికీ వింటున్నాం. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్ల కీళ్లు, వెన్ను ముందే బిగిసి ఉండొచ్చు. ఆపరేషన్‌కు ముందు కాలు ఎంతవరకు చాపగలిగేవారో కొలిచి రాసుకోండి. లేదంటే రోగిని బద్ధకస్తురాలని తిట్టి, జబ్బును వదిలేస్తాం. ఆ తిట్టు నాకు చాలా వార్డుల్లో వినబడింది, అందుకే చెబుతున్నాను.

ఉద్యోగాలు నెల్లూరులోనో చెన్నైలోనో వస్తాయి, వెళ్లండి. ఎక్కడున్నా డిశ్చార్జి రోజున రోగికి చెప్పి ఊరుకోకండి. రాత్రి పక్కన పడుకునేది ఎవరో కనుక్కుని, ఆ మనిషి చేతే దిండు పెట్టించి చూడండి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, ఆయాసం మొదలైనా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురమ్మని ఆ మనిషికే చెప్పండి.