తెరకు పూసిన రంగు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఈ బడి నాటకాల్లో వేషాలు కట్టినోళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఏనాడూ మొగానికి రంగు పూసుకోలేదు, తెరకు పూసినాను. కమిటీ వారు ఆ సంగతే మాట్లాడమన్నారు.

ప్రొద్దుటూరు హాస్టల్లో జమ్మలమడుగు పిల్లోళ్లం, పులివెందుల పిల్లోళ్లం అందరం ఒకే గుడ్డ మీద పనిచేసేవాళ్లం. మొరటు నూలుగుడ్డను కలిపి కుట్టించి, చింతగింజల అంబలి పూసి ఆరబెట్టేది. డ్రాయింగు సారు దగ్గర పోస్టుకార్డంత బొమ్మ, దాని మీద గళ్లు. గుడ్డ మీద అడుగు గళ్లు. మనిషికి ఒక గడి. మొత్తం ఏమవుతుందో ఎవరికీ తెలియదు. వెదురుకు కట్టి పైకి లేపితే గండికోట, కింద పెన్న! జమ్మలమడుగోడు ఒకడు "ఆ బండ అట్లుండదు సార్" అని వాదించి మళ్లీ గీయించినాడు. (సారు ముందు వరుసలోనే నవ్వుతున్నారు. పేరు చెప్పొద్దన్నారు.)

బల్బు వెలుతురులో నీలం మసకబారుతుంది. పగలు బాగున్న ఆకాశం రాత్రికి బూడిద. అందుకే సారు తలుపులు మూసి, బల్బు వేసి రంగు కలిపేవారు. ఇంకోటి, తెర మీద వీధి లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. రాజు నాలుగడుగులు వెనక్కి వేస్తే బురుజును మించిపోతాడు! అందుకే స్టేజీ మీద సుద్దగీత. అది దాటి వెనక్కి పోకూడదు.

ఈ విద్య మన జిల్లాకు పరాయిది కాదు. పులివెందుల నియోజకవర్గంలోనే, చక్రాయపేట మండలం సురభి గ్రామంలో 1885లో వనారస వారు కీచకవధ ఆడినారు. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. బొమ్మకు ముందు తెర, వెనక దీపం. మనిషే వేషం కట్టి నిలబడేసరికి తెర వెనక్కి పోయింది, దీపం ముందుకొచ్చింది. సురభి మాయాబజార్‌లో లడ్లు ఎగిరి ఘటోత్కచుని నోట్లో పడేది సన్నని దారంతోనే. వెనక తెర ముదురు రంగైతే నల్లదారం కనపడదు. తెర గీసేవానికి ఈ లెక్కలన్నీ తెలియాల.

ఇప్పుడు అసలు మాట. స్టేజీకి ఎల్‌ఈడీ తెర కొందామని చందాలు పోగవుతున్నాయి. నేనూ ఇచ్చినాను. బొమ్మ బాగా పడుతుంది, కాదనను. కాని ఆ వెలుతురు వెనకనుంచి కొడితే ముందు నిలబడిన పిల్లోని మొగం నల్లగా కనపడుతుంది. తోలుబొమ్మకైతే సరే. అమ్మానాయనలు వచ్చేది ఆ మొగం చూడ్డానికి గదా! పైగా గడి గీసే పిల్లలకు అక్కడ పనే లేదు.

సభలకు ఎల్‌ఈడీ పెట్టుకుందాం. నాటకానికి మాత్రం పిల్లలు గీసిన తెర ఉండనీయండి. గుడ్డ, రంగుల ఖర్చు నాది. ఆదివారాలు నేనే వచ్చి గళ్లు గీయిస్తాను. హెడ్మాస్టరు గారు ఒక పెద్ద గది ఇప్పిస్తే చాలు. వచ్చే వార్షికోత్సవానికి ఏ నాటకమో మాత్రం ముందే తేల్చండి. అడవి కావాల్నో, కోట కావాల్నో తెలిస్తేగాని గుడ్డ కుట్టించలేను.