పలువరుస వంకరలు - పంచాయతీల బాధ్యత

(ఖానాపూర్ ప్రాంతపు గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు చెప్పిరి. వారు చెప్పినది మాటతీరును గురించి. నేడు మేము ఆ సామెతను నోటిని గురించియే వాడదలచితిమి. మంచినీరు, వీధి దీపము, మురుగు కాలువ పంచాయతీ విషయములని అందరును ఒప్పుకొందురు. పిల్లల పలువరుస కూడ పంచాయతీ విషయమేనా యని మీలో కొందరికి నవ్వు రావచ్చును. ఆ నవ్వును మేము తప్పుగా తీసికొనము. మా మాటలు పూర్తిగా విన్న పిమ్మట మీరే నిర్ణయింపవలెనని మాత్రము కోరుచున్నాము.

మన పల్లెలలో వంకర పండ్లను గురించి మూడు మాటలు వినబడును. పన్నుమీద పన్ను వచ్చుట అదృష్టమని మొదటి మాట. అది పుట్టుకతో వచ్చినది, మార్చుట మన చేతిలో లేదని రెండవ మాట. పండ్లు సరిచేయించుకొనుట పట్నపువారి సోకు, కాయకష్టము చేయువారికి దానితో పని లేదని మూడవ మాట. ఈ మూడును నోటిని బయటినుండి చూచి చెప్పినవే. లోపల జరుగుచున్నదేమో చూచినచో వేరొక సంగతి తెలియును.

సదర్‌మాట్ ఆనకట్ట కాలువల క్రింద సేద్యము చేయువారు ఈ ప్రాంతమున ఎందరో కలరు. కాలువ తిన్నగా సాగినచోట నీరు తన దారిన తాను పోవును. గట్టు లోనికి పొడుచుకొని వచ్చినచోట, మలుపు ఇరుకైనచోట ఒండ్రు పేరుకొనును, తుంగ మొలచును. పూడిక తీయువాని పార కూడ అచ్చటికే సరిగా అందదు. వంకర పండ్ల నడుమ జరుగునది ఇదియే. పండ్లు వరుసగా నున్నప్పుడు లాలాజలము, నాలుక, పెదవులు వాటిని కొంతవరకు తామే శుభ్రపరచును. ఒకదానిపై ఒకటి ఎక్కినప్పుడు ఆ సందులలో అన్నము మెతుకు, రొట్టె ముక్క, బెల్లపు తీపి చిక్కుకొనును. వేపపుల్ల గాని, బ్రష్షు గాని ఆ సందునకు అందదు.

చిక్కుకొన్న పదార్థముపై సూక్ష్మజీవులు పెరిగి పాచిగా అంటుకొనును. ఆ సూక్ష్మజీవులు తీపిని, పిండి పదార్థమును ఆహారముగా గ్రహించి ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటిపై నున్న గట్టి పొరను కొద్దికొద్దిగా కరగించును. అదియే పిప్పి పన్ను. తీయని పాచి క్రమముగా గట్టిపడి గార యగును. గార పట్టినచోట చిగురు వాచును, తోముకొన్నప్పుడు రక్తము వచ్చును. నొప్పి లేదుకదా యని ఊరకున్నచో, కొందరిలో ఆ వ్యాధి లోనికి దిగి పంటిని పట్టియుంచు ఎముకను తినివేయును. అప్పుడు పుచ్చని పన్ను కూడ కదలి ఊడిపోవును.

ఇచ్చట ఒక సత్యము చెప్పవలెను. వంకరగా నున్నంత మాత్రమున పన్ను చెడిపోదు. శ్రద్ధగా శుభ్రపరచుకొనువాని వంకర పండ్లు, అశ్రద్ధ చేయువాని తిన్నని పండ్లకంటె గట్టిగా నుండవచ్చును. కాని వంకర పండ్లను శుభ్రపరచుట కష్టమైన పని. ఆ కష్టమును ఎనిమిదేండ్ల పిల్లవానిపై విడిచిపెట్టుట న్యాయము కాదు. కొద్దిపాటి వంకర కలిగి శుభ్రముగా నున్న పలువరుసకు చికిత్సయే అక్కరలేకపోవచ్చును. ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము అని తేల్చుటకే పరీక్ష కావలెను.

పిప్పి, చిగుళ్ల వ్యాధి మాత్రమే కాదు, వంకరల వలన మరికొన్ని నష్టములు కలవు. పై పండ్లు ముందునకు పొడుచుకొని యున్న పిల్లవాడు కబడ్డీలోనో, సైకిలు మీదనుండియో పడినచో మొదట విరుగునది ఆ పండ్లే. పై పండ్లు క్రింది పండ్లను పూర్తిగా కప్పివేసినచో క్రింది పండ్లు అంగిలిని గ్రుచ్చును. పై, క్రింది పండ్లు ఒకదానికొకటి కలియని వారికి జొన్నరొట్టె కొరుకుట, మక్కలు నములుట కష్టము. పక్కకు తిరిగిన పంటి అంచు చెంపను ఒరసి పుండు చేయును. పొగాకు, గుట్కా అలవాటు గలవారి నోటిలో మానని పుండు ప్రమాద సూచన. ఏ పుండైనను రెండు వారములలో మానని యెడల వైద్యునికి చూపితీరవలెను.

కంటికి కనబడని నష్టము ఇంకొకటి కలదు. నోటికి చేయి అడ్డము పెట్టుకొని మాట్లాడు ఆడపిల్లను మీరు చూచియే యుందురు. జవాబు తెలిసియు తరగతిలో లేచి చెప్పదు. తోటివారు పెట్టిన వెక్కిరింపు పేరు ఆమెను పెండ్లిచూపుల వరకు వెంటాడును. ఆమె చేసిన తప్పేమియు లేదు. తగిన వయస్సున ఆమె నోటిని ఎవరును చూడలేదు, అంతే.

వంకరలు ఎందుకు వచ్చునో తెలిసినచో కొన్నిటిని రానీయకుండ చేయవచ్చును. దవడ చిన్నది, పండ్లు పెద్దవి యగుట తల్లిదండ్రుల పోలికను బట్టి వచ్చును. దానిని మనము ఆపలేము. కాని పాల పండ్లను కాపాడుట మన చేతిలో నున్నది. బిడ్డకు సుమారు ఆరవ నెలనుండి పాల పండ్లు వచ్చును. మూడేండ్ల లోపల 20 పండ్లు పూర్తియగును. ఆరవ యేట స్థిర దంతములు మొదలై, 12, 13 ఏండ్లకు 28 వచ్చును. జ్ఞాన దంతములతో కలిసి మొత్తము 32. ఊడిపోవు పాల పండ్లే కదా, పుచ్చిననేమి యని మన వారందురు. ఇది పెద్ద పొరపాటు. పాల పన్ను తన తరువాత రావలసిన పంటికి స్థలము కాచుచుండును. దవడలోని పాల పండ్లు 10, 12 ఏండ్ల వరకు నిలువవలసినవి. అవి పుచ్చి ఐదారేండ్లకే ఊడినచో ఇరుప్రక్కల పండ్లు ఆ చోటిలోనికి ఒరగును. ఖాళీ స్థలమును ఇరుగుపొరుగువారు ఆక్రమించుట పంచాయతీ సభ్యులకు తెలియని సంగతి కాదు. తరువాత వచ్చు అసలు హక్కుదారునికి చోటు చాలక పక్కకు మొలచును.

నాలుగేండ్లు దాటియు వేలు చీకుట, ముక్కు మూసికొనిపోయి ఎల్లప్పుడును నోటితో గాలి పీల్చుట, పాల పన్ను ఊడకముందే దాని వెనుక స్థిర దంతము మొలచుట, దెబ్బ తగులుట కూడ వంకరలకు దారితీయును. వేలు చీకు బిడ్డను కొట్టి మాన్పింపరాదు, నయమున మాన్పింపవలెను. ముక్కు దిబ్బడ విడువని పిల్లవానిని వైద్యునికి చూపవలెను.

పండ్లను కదల్చి సరిచేయుట నిన్న నేడు పుట్టిన సోకు కాదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో ప్రకటించిన గ్రంథముననే పండ్లను వరుసకు తెచ్చు లోహపు పట్టీని వివరించెను. అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో వంకరలను మూడు తరగతులుగా విభజించెను. ఆ విభజనను దంతవైద్యులు నేటికిని వాడుచున్నారు. మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ ఆర్. అహమ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించెను. షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైన 1959లోనే హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాలకు దంతవైద్య విభాగము ఏర్పడెను. నేటి ప్రభుత్వ దంతవైద్య కళాశాల దానినుండి పెరిగినదే.

చికిత్స పనిచేయు విధము సులభముగనే తెలియును. పన్ను ఎముకలో మేకువలె బిగిసియుండదు. దానిపై మెల్లగా, ఎడతెగక ఒత్తిడి కలిగించినచో, ఒత్తిడి పడిన వైపు ఎముక కరగును, విడిచిన వైపు క్రొత్త ఎముక పెరుగును. పన్ను ఆ మేరకు జరుగును. పాల పన్ను ముందే పోయినచో ఆ చోటు పోకుండ చిన్న తీగె కట్టు అమర్తురు. చిన్న వంకరలకు తీసి పెట్టుకొను పలక చాలును. పెద్ద వంకరలకు పండ్లకు చిన్న బిళ్లలు అతికించి వాటిగుండ తీగె బిగింతురు. ఇది సాధారణముగా ఏడాదిన్నర నుండి రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము సాగును. నెలకొకసారి వైద్యుని యొద్దకు పోవలెను. తీగె తీసిన పిమ్మట పండ్లు వెనుకకు మరలకుండ మరికొంతకాలము కట్టు ధరింపవలెను. తీగె ఉన్నంతకాలము శుభ్రత రెట్టింపు కావలెను, లేకున్నచో దాని చుట్టును పిప్పి పట్టును.

ఏడేండ్ల వయస్సున ఒకసారి పలువరుసను పరీక్షింపజేయుట మేలు. ఎదుగుచున్న దవడను సరియైన దారిలో పెట్టుట సులభము. పెద్దవారికి చికిత్స లేదని కాదు. వారి పండ్లను గూడ సరిచేయవచ్చును, కాని దవడ ఎదుగుదలను మార్చు అవకాశము దాటిపోవును. చిగుళ్ల వ్యాధి ఉన్నచో మొదట దానిని మాన్పవలెను.

ఈ చికిత్సకు ఖర్చు, ప్రయాణము కలవని మేమెరుగుదుము. ఖానాపూర్ నుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. కూలి మానుకొని నెలనెలా పోవుట పేద కుటుంబమునకు భారమే. అందువలననే ఇది ఒక్క ఇంటివారి విషయము కాక ఊరందరి విషయమగుచున్నది. పంచాయతీలు చేయదగిన పనులను ఇచ్చట చెప్పుచున్నాము.

మొదటిది, పరీక్ష. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లలను పరీక్షించుటకు ఏర్పడినది. అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఏటా ఒకసారి వైద్యబృందము వచ్చుట దాని విధానము. దంత సమస్యలు, గ్రహణపు మొర్రి కూడ ఆ పరీక్షలో చేరినవే. బృందము వచ్చు దినమును ముందుగా తెలిసికొని, గూడెముల నుండి, తండాల నుండి కూడ పిల్లలందరు హాజరగునట్లు చూడుడు. బడి మానిన పిల్లలను మరువకుడు.

రెండవది, వెంబడించుట. పెద్ద వైద్యశాలకు పొమ్మని వ్రాసియిచ్చిన చీటి చూరులో చెక్కబడి మరుగున పడుట కద్దు. చీటి పొందిన పిల్లల పేర్లను ఒక పుస్తకమున వ్రాసి, ఎవరు పోయిరి, ఎవరు పోలేదు అని ఆశా కార్యకర్తతో కలిసి నెలకొకసారి చూడుడు. 2016లో నిర్మల్ జిల్లా ఏర్పడిన పిమ్మట జిల్లా కేంద్రము మునుపటికంటె దగ్గరైనది. నలుగురైదుగురు పిల్లలను ఒకేదినమున కలిపి పంపినచో ఖర్చు తగ్గును, తోడు దొరకును.

మూడవది, నివారణ. పాఠశాలలో భోజనము తరువాత నోరు పుక్కిలించుటకు కుళాయి ఉండవలెను. ఉదయము, రాత్రి పడుకొనబోవు ముందు మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో తోముకొనుట నేర్పవలెను. ఇటుక పొడి, బొగ్గు పొడి పంటి పైపొరను అరగదీయును. పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు వస్తువులు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. దానిని మీ ఊరిలో అమలు జరిపించుడు.

నాలుగవది, జాగ్రత్త. సంతలలో, జాతరలలో పన్ను పీకువారిని, ఆకురాయితో వంకర పన్ను అరగదీయువారిని నమ్మరాదు. వారి పనిముట్లతో రోగములు అంటుకొనును. దెబ్బ తగిలి పిల్లవాని స్థిర దంతము ఊడిపడినచో దానిని వేరు పట్టుకొనక, రుద్దక, పాలలో వేసి గంటలోపల దంతవైద్యుని యొద్దకు చేర్చినచో తిరిగి నిలుచు అవకాశము కలదు. ఈ ఒక్క మాటను ప్రతి ఉపాధ్యాయునికి తెలుపుడు.

మిత్రులారా, ఈ పనులలో అధిక ధనము కోరునది ఏదియు లేదు. కావలసినది పట్టుదల. రానున్న గ్రామసభకు ముందు మీ ఊరి బడికి ఒకసారి పొండు. మూడవ తరగతి పిల్లలను ఉపాధ్యాయుని సమక్షమున నోరు తెరవుమని కోరుడు. పన్నుమీద పన్ను ఎక్కినవారు, పాల పన్ను ముందే పోయినవారు, చిగుళ్లు వాచినవారు ఎందరో లెక్క వ్రాసికొనుడు. ఆ లెక్కను గ్రామసభలో, పిల్లల పేర్లు బయటపెట్టక, చదువుడు. పలువరుస పంచాయతీ విషయమా కాదా యని అప్పుడు ఎవరును అడుగరు.